పలకలేదు అనే గడి

ఆ గురువారం ఉదయం ఏడుంబావుకు చారల చేపలు గుడ్లు పెట్టాయి. గదిలో లైట్లు వెలిగిన కాసేపటికి పెట్టడం వాటి అలవాటు. రెండువేల తర్వాతి తొలి ఏళ్ళు అవి. శామీర్‌పేట దాటాక ఉన్న చిన్న పరిశోధనశాలలో నాకది నాలుగో ఏడు. తొట్లు చూసుకునే పెద్దాయనది చెరువు మీద బతికిన కుటుంబం. చేపపిల్లల కేంద్రంలో పనిచేసి మా దగ్గరికి వచ్చాడు. ఆయన్ని కాకా అనేవాణ్ని.

గుడ్డులోని పిండానికి వెన్ను పొడవునా ఒక మెత్తటి కడ్డీ ఉంటుంది. అది ఒక ప్రోటీన్‌ను వదులుతుంది. పక్కనున్న కణాలు దాన్ని అందుకుంటే కండ బాణం మొనల వరసగా ఏర్పడుతుంది. అందుకోలేకపోతే లాడం ఆకారంలో ఉండిపోతుంది. అప్పుడు చెవి రూపు కూడా తప్పుతుంది: వెనక సగం ముందు సగానికి నకలుగా తయారవుతుంది. నేను వెతికేది అలాంటి పిల్లల కోసమే.

కడ్డీ వదిలే ఆ ప్రోటీన్‌ను మేం సంకేతం అంటాం. ఆ మాట కాకాకు నచ్చలేదు. "పిలుపు అనుండ్రి సారూ, అందరికి సమజైతది," అన్నాడు. గుడ్లు పెట్టిన మూడో రోజు సన్నటి వెంట్రుకతో ఒక్కో పిల్లనూ తాకి, నోటుబుక్కులో రెండు గడుల్లో రాసేవాడు: తప్పుకుంటే పలికింది, లేకుంటే పలకలేదు.

మేడ్చల్‌లో, ఇంట్లో, తమ్ముడు మంచం మీద ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ కండలు ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. సాయంత్రం బస్సు దిగి గేటు దగ్గరే "తమ్మీ" అని పిలిచేవాణ్ని. లోపల్నుంచి "ఆ" అనేవాడు. అది విన్నాకే చెప్పులు విడిచేవాణ్ని.

"గా చేపలకు నా రోగమేనా అన్నా?"

"కాదురా. వాటికి కండ సక్కగ పుట్టది. నీకు పుట్టినంక అరుగుతాంది."

"అయితే గవ్వే నయం. నడిసిన యాది ఉండది. ఒకటి తెచ్చి సూపియ్యి. జల్దీ తే, నాకు మస్తు పనులున్నయ్."

శనివారం తెస్తానని మాటిచ్చాను. ఊపిరి తీసుకునే కండలు కూడా పోవడం మొదలైందని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు.

శనివారం చూస్తే పళ్ళెంలో మంచి పిల్లలే మిగిలాయి.

"పలకనియ్యి ఏరి పారేసిన సారూ. మా దిక్కు గట్లనే జేస్తం. లేకుంటే మంచియి గూడ ఖరాబైతయ్."

"నాకు కావాల్సింది అవ్వే కాకా."

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. నేను కోప్పడలేదు. అంత ఓపిక లేదు.

అలాంటి పిల్లలు పుట్టే చేపల జత మళ్ళీ గుడ్లు పెట్టడానికి పదకొండు రోజులు పట్టింది. ఈసారి రెండు రకాల పిల్లలనూ చిన్న సీసాలో పోసి, బస్సులో ఒళ్ళో పట్టుకుని తెచ్చాను. తమ్ముడి కంటికి భూతద్దం పెట్టి, పిల్లల్ని వెంట్రుకతో తాకాను. మంచి పిల్ల చటుక్కున తప్పుకుంది. రెండోది వణికి, ఉన్నచోటే ఉంది.

"పలకలే," అన్నాను, అలవాటు కొద్దీ.

"పలకలే అంటవేందే? ఇన్నది గదనే. పోలేకపోతాంది."

వాడు చెప్పింది నిజమే. వెంట్రుక తగిలినట్టు చర్మానికి తెలుస్తుంది. ఆ పిలుపు కండ దగ్గర ఆగిపోతుంది. ఇన్నేళ్ళూ వినలేనివాటినీ, విని కదల్లేనివాటినీ ఒకే గడిలో రాస్తూ వచ్చాం. మర్నాడు కాకాకు ఈ మాట చెప్పాను. ఆయన స్కేలు పెట్టి మూడో గడి గీసి, పైన తన మాటల్లోనే రాసుకున్నాడు: ఇన్నది, పోలే.

ఆ చలికాలం తమ్ముడి గొంతు పూర్తిగా పోయింది. గేటు దగ్గర పిలవడం నేను మానలేదు. లోపలికి వెళ్ళేసరికి వాడి కళ్ళు తలుపు వైపు ఉండేవి. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అవి తలుపు వైపు లేవు.

చేపల పని ఆ తర్వాత రెండేళ్ళకు ముగిసింది. నోటుబుక్కు నా దగ్గరే ఉంది. మా ఇంట్లో ఇప్పుడు గేటు దగ్గర నిలబడి ఎవరూ ఎవరినీ పిలవరు.