అత్త కుట్టిన పదేళ్లు

మా వీధిలో కిటికీలన్నీ పాడు చేసింది నేనే. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మా మేనత్త గురించి హాయిగా రాసుకోవచ్చు.

అత్త దర్జీ. ఆవిడకు ఒకటే పిచ్చి. యుద్ధ ఖర్చుకి గవర్నమెంటు అమ్మే అప్పుపత్రం, అదే యుద్ధ బాండు, కొననివాళ్లకు కుట్టిన బట్టలివ్వదు.

"అత్తా, చొక్కా అయిందా?"

"అయింది. బాండు కొన్నావా?"

"గుండీ కుట్టించుకోడానికి కూడానా?"

"గుండీకి చిన్న బాండు చాలు. పదేళ్లకి రెట్టింపు. ఊఁ, జేబు తియ్యి."

అలా పాలవాడి దగ్గరా, వీధులూడ్చేవాడి దగ్గరా, ఆఖరికి పెళ్లాం రవిక తెచ్చుకోవడానికొచ్చిన పోలీసు దగ్గరా బాండ్లే. సైరన్ మోగితే అందరం నేలమాళిగలోకి దూరతాం. అక్కడా వదలదు. పైన విమానాలు, కింద అత్త. ఎవరికి చిక్కితే నయమో తేలేది కాదు.

మొన్నో సాయంత్రం బాంబులు మరీ దగ్గరగా పడ్డాయి. జనం బిక్కచచ్చి కూర్చున్నారు. నవ్విద్దామని నోరు జారాను.

"ఓడిపోతే ఈ బాండ్లు దేనికి? అద్దాలు పగలకుండా కిటికీలకి అంటించుకోడానికే!"

ఒక్కడూ నవ్వలేదు. తెల్లారేసరికి ప్రతి అద్దం మీదా అడ్డంగా, ఐమూలగా బాండు ముక్కలే.

పై అంతస్తు పెద్దమ్మ మాత్రం అంటించలేదు, ఊరికే చించేసింది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలో పోయి నెలయింది. అప్పట్నుంచీ సైరన్ మోగినా కిందికి దిగడం లేదు.

అత్త వేణ్ణీళ్ల బకెట్టు నా చేతికిచ్చి ఇంటింటికీ తిప్పింది. ఊడదీసిన ముక్కలన్నీ అతికి, లైనింగు గుడ్డ మీద పరిచి మిషను మీద కుట్టింది. అన్నిటికన్నా ముందు పెద్దమ్మది.

"వదినా, ఇదిగో. కుట్టు గట్టిది, ఊడదు."

"నాకెందుకే? పదేళ్లు ఎవరుంటారు?"

"నువ్వే ఉండాలి. లేకపోతే ఆ డబ్బు గవర్నమెంటు మింగుతుంది. నీ కొడుకుని తీసుకున్నది చాలదన్నట్టు ఇది కూడా వదిలేస్తావా వాళ్లకి?"

పెద్దమ్మ ఆ కుట్టు మీద వేలు రాసింది.

"చచ్చినా వదలను," అంది.

ఆ సాయంత్రం సైరన్ మోగగానే బాండు గుప్పిట్లో పట్టుకుని మెట్లు దిగింది. అందరికన్నా ముందు!

నిన్న నాకూ సైన్యం నుంచి పిలుపొచ్చింది. యూనిఫాం ప్యాంటు పొడుగైతే అత్త దగ్గరికి పట్టుకెళ్లాను.

"అత్తా, నిజం చెప్పు. మనం గెలుస్తామా? ఆ డబ్బులొస్తాయా?"

"నాకేం తెలుసురా? దర్జీదాన్ని."

"మరి అందరికీ ఎందుకంటగట్టావే?"

అత్త మడత కుట్టి, దారం పంటితో తెంపి, ప్యాంటు మీద ఓ బాండు పెట్టి ఇచ్చింది. నా పేరు మీదే ఉంది.

"పదేళ్లకి నువ్వే వచ్చి సంతకం పెట్టి డబ్బు తీసుకోవాలి."

"రాకపోతే?"

"ప్యాంటు కుట్టుకూలి ఇవ్వలేదు నువ్వు. ఎగ్గొట్టి చద్దామనా, వెధవా!"