బోరు నీళ్ళు తాగిన కారు

మా ఇంట్లో మనుషులం బోరు నీళ్ళు తాగేవాళ్ళం, కారు మాత్రం క్యాన్ నీళ్ళు తాగేది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

కారు మా ఇంటాయనది. మేనమామ కొడుకు, మా వైపు బావను కూడా మామా అనే అంటాం కాబట్టి పెళ్లయి ఇన్నేళ్ళయినా నేను అలాగే పిలుస్తాను. కువైట్‌లో ఒక పెద్దింట్లో డ్రైవరు. అక్కడ రోజూ కొత్త కార్లు తోలుతాడు. ప్రాణం మాత్రం ప్రొద్దుటూరులో, బెంగుళూరు నుంచి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకున్న ఈ ఎర్ర కారు మీదే. చూడ్డానికి అందరి కారులాగే ఉంటుంది. లోపల ఉన్నది పదహారు వందల సీసీ ఇంజను, గట్టిగా తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. అలాంటి కార్లు చేయడం ఎప్పుడో ఆపేశారు.

రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. జమ్మలమడుగు నుంచి నల్లబండలు తెప్పించి పెరట్లో రెండు వరసలుగా, మెట్లు మెట్లుగా పేర్చాడు. కారును వాటి మీదికి ఎక్కించి కింద దూరేవాడు. స్ప్రింగులు మార్చాడు, వెడల్పు టైర్లు వేశాడు, ఉన్న సైలెన్సర్ పీకేసి లావు గొట్టం బిగించాడు. అన్నం తిందువు రా అని పిలిస్తే, "వస్తాండా మే" అని గొంతు మాత్రం వచ్చేది. మనిషి గంటకు గానీ వచ్చేవాడు కాదు. రెండేళ్ళకు ఇల్లు చేరిన మొగుడి ముఖం కంటే అరికాళ్ళే నేను ఎక్కువ చూశాను.

వెళ్ళేటప్పుడు ఒకటే అప్పగింత. "రేడియేటర్లో క్యాన్ నీళ్ళే పోయాల. బోరు నీళ్ళు పోస్తే లోపల సున్నం కట్టి చచ్చిపోతాది."

"అయితే మేం తాగి చావల్లనా?"

నవ్వి ఊరుకునేవాడు. ప్రతి శుక్రవారం అతనికి సెలవు, ఫోన్ చేసేవాడు. కారు స్టార్ట్ చేసి ఫోన్ బానెట్ మీద పెట్టాలి. వీడియో వద్దు, చప్పుడు చాలు. నాలుగైదు నిమిషాలు విన్నాకే, తిన్నావా అని నన్ను అడిగేవాడు. ఇంజను మీద కుళ్ళుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఒక ఎండాకాలం నీళ్ళ ప్లాంటు మూతబడింది. ఎండలో అంత దూరం పోయి క్యాన్ మోసుకు రావడం నా వల్ల కాలేదు. అందరం ఒకటే నీళ్ళు తాగుదాంలే అని బోరు నీళ్ళు పోశాను. ప్లాంటు తెరిచాక కూడా అవే పోశాను. అది మాత్రం పంతమే, ఒప్పుకుంటాను.

తర్వాత వేసవిలో పులివెందులలో మా అమ్మను చూడడానికి ఆ కారు తోలుకుని బయలుదేరాను. ముద్దనూరు దాటి తొండూరు వైపు గుట్ట ఎక్కుతుంటే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నింది. ట్రాక్టరుకు కట్టి ఇంటికి ఈడ్పించుకొచ్చాను. మెకానిక్ విప్పి చూస్తే రేడియేటరు నిండా తెల్లటి పెచ్చు, మేం నీళ్ళు కాచుకునే కాగులో ఉన్నట్టే. ఇంజను పైభాగం, వాళ్ళు హెడ్డు అనేది, వేడికి వంకరపోయింది.

"ఇట్లాంటి హెడ్డు ఇంగ యాడా దొరకదక్కా. పాత ఇనుము కింద ఏసెయ్," అన్నాడు.

ఆ మాట మామతో ఎలా చెప్పను? కుళ్ళుకున్నానే గానీ, దాన్ని చంపాలని అనుకోలేదు. శుక్రవారం రానే వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, ఎన్నో ఏళ్ళ కింద కొత్త గొట్టం బిగించిన రోజు ఇంజను చప్పుడు అతనే రికార్డు చేసుకున్నాడని. ఆ పాత ఫోన్ బీరువాలో దొరికింది. రెండు ఫోన్లూ ఎదురెదురుగా పెట్టి అది మోగించి, ఎక్కడ పట్టుకుంటాడోనని వాకిట్లోకి పోయి నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి, "బాగుండాది మే," అన్నాడు. కొంచెం ఆగి, "వచ్చే వారం కూడా పెట్టు," అన్నాడు.

ఎనిమిది నెలలు అలాగే మోగించాను. ఈలోపు వంకర తీయించడానికి హెడ్డును లేతు షాపుకు మోశాను. హెడ్డుకూ ఇంజనుకూ మధ్యలో వేసే గ్యాస్కెట్ బెంగుళూరు నుంచి తెప్పించాను. ఏ బోల్టు తర్వాత ఏది బిగించాలో మామ నోటుపుస్తకంలో బొమ్మ వేసి ఉంది, దాన్ని చూసుకుంటూ నేనే బిగించాను. గొట్టాలు కడగడానికి ఆ బండల మధ్య నేనూ వెల్లకిలా పడుకున్నాను. అక్కడ గంట ఎలా పోతుందో అప్పుడు తెలిసింది. ఇడుపులపాయ కాలేజీ హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన మా పాప అన్నానికి పిలిస్తే, "వస్తాండా" అని నేనే అన్నాను.

మామ వచ్చాడు. సంచి దించగానే పెరట్లోకి పోయి తాళం తిప్పాడు. ఒక్క క్షణం విని ఆపేశాడు.

"హెడ్డు విప్పినావు కదా?"

ఏడుపొచ్చేసింది. అంతా చెప్పేశాను. "నాకు మొదటి శుక్రవారమే తెల్సు," అన్నాడు.

"తెలిసి ఎందుకు అడగలేదు మామా?"

"అడిగితే నువ్వు పెట్టడం ఆపేస్తావు కదా మే."

పాత ఫోన్ తెమ్మన్నాడు. బండల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఇంజను చప్పుడు నాలుగు నిమిషాలు నడిచింది. చివర్లో, అన్ని నెలలూ నేను వాకిట్లో ఉండి వినని గొంతు ఒకటి వినిపించింది. అప్పటికి నాలుగేళ్ళున్న మా పాప గొంతు. "నాయనా, బయటికి రా. ఆడుకుందాం రా." కారు కింది నుంచి మామ గొంతు. "వస్తాండా పాపా." ఆ తర్వాత మళ్ళీ ఇంజనే.

"ఆ పొద్దు నేను బయటికి రాల్యా మే," అన్నాడు.

సెలవు అయిపోయి మళ్ళీ వెళ్ళాడు. కారు ఇప్పుడు క్యాన్ నీళ్ళే తాగుతుంది, నేనే పోస్తాను. శుక్రవారం స్టార్ట్ చేసి ఫోన్ బానెట్ మీద పెడితే ఒక్క నిమిషం వింటాడు. "బాగుండాది. ఇంగ ఆపేసి ఆ పాతది పెట్టు," అంటాడు. నీ ఫోన్‌కే పంపిస్తాను మామా అంటే వద్దంటాడు.

"నువ్వే పెట్టు మే. ఈసారి వాకిట్లోకి పోవాకు. ఇద్దరం విందాం."