ఏడో స్టేషన్ పలకలేదు

ఆ రోజు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ గుట్ట మీదే ఉన్నాను. ఉన్నవాణ్ని పట్టుకొని లేడని రాశారు.

ఎనభైల చివర అనుకుంటాను, మంచి ఎండాకాలం. గోదావరికి వరదలు రాకముందే, వరద కబుర్లు వైర్‌లెస్‌లో ఎలా పంపాలో నేర్పడానికి కరీంనగర్‌లో అంతర్జాతీయ శిక్షణ అని ఒకటి పెట్టారు. నదులున్న పరాయి దేశాల నుంచి మనుషులు వచ్చారు. మనవాళ్లు కూడా ఒకరిద్దరు కనబడాలి కదా, అందుకని నది ఒడ్డున నీటిమట్టం చెప్పే నన్ను కూడా వెనక వరసలో కూర్చోబెట్టారు. నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ని. ఇంగ్లిషు నాకు ఏ పంతులూ నేర్పలేదు. రేడియో వార్తలు వింటూ, ఆఫీసులో పారేసిన పాత పుస్తకాలు కూడబలుక్కుంటూ నేనే పట్టుకున్నాను.

చివరి రోజు అసలు పరీక్ష. ఒక్కొక్కరిని ఒక్కో ఊరికి పంపి, అక్కడి నుంచి సెట్‌లో పలకమన్నారు. కరీంనగర్‌లో కూర్చునేది కంట్రోల్. కంట్రోల్ పిలిచేదాకా ఎవరూ నోరు తెరవకూడదు, పిలిస్తే వెంటనే పలకాలి, పలకనివాడు గైర్‌హాజరు. శిక్షణ చూసే ఇంజినీరు ఇదంతా ఇంగ్లిషులో చెప్పి, చివర్న నా వైపు తిరిగి తెలుగులో, "నువ్వు మస్టర్ మీద ఉన్నవాడివి, జాగ్రత్త" అన్నాడు. పర్మినెంట్ వాడు గైర్‌హాజరైతే ఒక సర్టిఫికెట్ పోతుంది. మస్టర్ మీద దినకూలీకి ఉన్నవాడికి పనే పోతుంది. నా చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూసేవాళ్లు మా గట్టు మీద తక్కువేమీ లేరు.

కొత్త సెట్లు అతిథులకు ఇచ్చారు. మూల పడేసిన పాత సెట్ నాకు దక్కింది. అందరికన్నా దూరపు చోటు కూడా నాదే, ఇచ్చోడ దాటినాక ఒక బోడిగుట్ట. జీపు డ్రైవరు నాతో పాటు బ్యాటరీ మోసుకొచ్చి, రెండు ఇప్పచెట్ల నడుమ ఏరియల్ తీగ కట్టించి, సాయంత్రం వస్తానని చెప్పి దిగిపోయాడు. జీపు చప్పుడు రోడ్డు మలుపులో పోయాక గాలి తప్ప ఏమీ లేదు.

హాజరు మొదలైంది. పెద్దపల్లి పలికింది. హుజూరాబాద్ దగ్గర సూడాన్ దేశపాయన ఉన్నాడు, బరువైన గొంతుతో నిదానంగా పలికాడు. అన్నీ నాకు పక్కింట్లో మాట్లాడుతున్నట్టు వినబడుతున్నాయి. చివరికి ఏడో స్టేషన్ అని నన్ను పిలిచారు. మీట నొక్కి పలికాను. మళ్లీ పిలిచారు. మళ్లీ పలికాను. మూడోసారి గొంతు చించుకొని అరిచాను, అరిస్తే తీగ వెంట ఎక్కువ దూరం పోతుందన్నట్టు.

"ఏడో స్టేషన్ పలకలేదు. గైర్‌హాజరు" అని కంట్రోల్ ముందుకు సాగిపోయింది.

కంట్రోల్ మీట నొక్కినప్పుడల్లా ఆ గొంతు వెనక డబడబమని జనరేటరు మోత వస్తోంది. అతిథుల కోసం వేసిన షామియానాలో ఫ్యాన్లు తిరగాలి కదా. ఆ ఇంజిను పక్కన సెట్ పెట్టుకుంటే నా పాత సెట్ సన్నగొంతు ఎవరి చెవిన పడుతుంది? ఆ ముక్క వాళ్లకు చెబుదామంటే నాకున్న దారి ఆ సెట్ ఒక్కటే.

మిట్టమధ్యాహ్నం ఇప్పకాయలు ఏరుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది. నేను ఒక్కణ్నే అరవడం చూసి కొంచెం ఎడంగా నిలబడింది.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?"

"కరీంనగర్ల సార్లతోని, అవ్వా."

"ఇంటున్నరా మరి?"

"ఇంటలేరు."

"ఇననోళ్లకు గింతగనం ఎందుకు ఒర్రుతున్నవ్?" అని, నా నీళ్ల సీసాలోంచి రెండు గుక్కలు తాగి, గంప నెత్తికెత్తుకొని పోయింది.

ఎండ వాలాక రెండో హాజరు. మళ్లీ అదే పిలుపు, అదే నా అరుపు, అదే గైర్‌హాజరు. అప్పుడు ఎవరూ పిలవకుండానే హుజూరాబాద్ పలికింది. ఏడో స్టేషన్ తనకు వినబడుతోందనీ, మనిషి అక్కడే ఉన్నాడనీ సూడాన్ ఆయన చెప్పాడు. నేను ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాను. కంట్రోల్ మాత్రం, మిమ్మల్ని పిలవలేదు, పిలిచినప్పుడే మాట్లాడండి అంది. ఆయన క్షమించమన్నాడు. తర్వాత కంట్రోల్ అందరికీ వందనాలు చెప్పి, ముగింపు సభ ఉందని సెట్ కట్టేసుకుంది.

నేను మైకు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. కాసేపటికి ఆ బరువు గొంతే మళ్లీ నన్ను పిలిచింది. మీ చోట ఏం కనబడుతోందని అడిగాడు. ఇప్పచెట్లు, రాళ్లు, ఎండ అన్నాను. తన దగ్గర ఒక బడి ఉందనీ, బల్ల కింద కుక్క నిద్రపోతోందనీ చెప్పాడు. తమ నది మీద కూడా ఇలాంటి దూరపు స్టేషన్లు ఉన్నాయట. ఇంకా అడిగాడు కానీ నా ఇంగ్లిషు అయిపోయింది. అది పసిగట్టాడేమో, మీ భాషలోనే చెప్పండి, వింటాను అన్నాడు.

చెప్పాను. "నేను ఈడనే ఉన్న. పొద్దుగాల్నుంచి గీ గుట్ట మీదనే ఉన్న. పిలిచినప్పుడల్ల పలికిన. ఇంజిను పక్కకు కూసొని నన్ను లేడంటున్నరు. రేపు నా పని పోతే నా పెండ్లాం పిల్లలకు ఏమని చెప్పాలె?" ఇంకా ఏమేమో చెప్పాను, మా ఇంట్లో కూడా ఎన్నడూ అననివి. నేను ముగించాక ఆయన తన భాషలో అందుకున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకచోట గొంతు తగ్గించాడు, ఒకచోట నవ్వాడు. మాట్లాడుతుండగానే నా బ్యాటరీ నీరసించి ఆ గొంతు సన్నబడి పోయింది.

జీపు ఆలస్యంగా వచ్చింది. కరీంనగర్ చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది, సర్టిఫికెట్లు పంచడం అయిపోయింది. ఇంజినీరు వరండాలో ఉన్నాడు. రోజంతా ఎక్కడికి పోయావని అడిగాడు.

"గుట్ట మీదనే ఉన్న సార్. మీరు పిలిచింది అన్ని సార్లు ఇన్న, పలికిన. మీకే ఇనబడలే."

"వినబడకపోతే లేనట్టే కదయ్యా."

"ఇనబడలే అని రాయున్రి సార్. లేడని రాయొద్దు."

ఆయన నవ్వాడు. నేను కదల్లేదు. నా గొంతు గుర్తుపట్టాడో ఏమో, భోజనాల గదిలోంచి ఒక పొడవాటి మనిషి బయటికొచ్చాడు. విషయం తెలుసుకొని, ఈయన అక్కడే ఉన్నాడు, నేను విన్నాను అని ఇంగ్లిషులో చెప్పాడు. ఇంజినీరు వెంటనే మర్యాదగా తల ఊపి, జేబులోంచి పెన్ను తీసి హాజరు కాగితంలో ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాశాడు. వినబడనివాడికి సర్టిఫికెట్ రాదన్నాడు. నాకు అక్కర్లేదు, పని నిలిచింది. కానీ అదే మాట నేను నా నోటితో, నా భాషలో చెబితే పెన్ను జేబులోంచి లేవలేదు.

భోజనాల దగ్గర సూడాన్ ఆయన నన్ను తన ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. గొంతును బట్టి నేను ఊహించినదానికన్నా చాలా చిన్నవాడు. గుట్ట మీద అంతసేపు మాట్లాడుకున్నవాళ్లం, ఎదురెదురుగా కూర్చున్నాక మాట దొరకలేదు. ఆయన పప్పు గిన్నె నా వైపు జరిపాడు. నేను వడ్డించుకున్నాను. బాగుందా అన్నట్టు చెయ్యి తిప్పాడు, బాగుందని తల ఊపాను. సాయంత్రం సెట్‌లో ఆయన ఎందుకు నవ్వాడో అడగాలనిపించింది, ఎలా అడగాలో తెలియలేదు.

నేను చెయ్యి కడుక్కొని వచ్చేసరికి ఆయన తన దేశపువాళ్ల బల్ల దగ్గరికి పోయి, ఇటు వీపు పెట్టి, వాళ్లతో గడగడా మాట్లాడుతున్నాడు. కాసేపు నిలబడి విన్నాను. తర్వాత సంచి తీసుకొని బస్టాండుకు నడిచాను.