దుమ్ము కొలిచే తోటికోడలు

మా తోటికోడలు దుమ్మును తుడవదు, కొలుస్తుంది. అదీ ఇంట్లో దుమ్ము కాదు, పక్క గెలాక్సీల్లో దుమ్ము! అందుకు ఆవిడకు శాలువాలు, దండలు, పేపర్లో ఫొటోలు. నలభై ఏళ్ళుగా దుమ్ము దులుపుతున్న నా మెడలో ఎవరైనా ఒక్క పువ్వు వేశారా?

"అంత దూరంలో దుమ్మును ఎలా కొలుస్తావే?" అని ఒకసారి అడిగాను.

"దుమ్ము వెనకున్న నక్షత్రం మసకగా, ఎర్రగా కనిపిస్తుందక్కా. దుమ్ము అడ్డం లేని అలాంటి నక్షత్రాన్నే పక్కన పెట్టి చూస్తాం. ఎంత తేడా ఉంటే అంత దుమ్ము."

"ఓస్, ఇంతేనా!" మూడో తరగతితో బడి మానేశాను గానీ, లేకపోతే ఆ దండలు నావే.

ఏడాదిగా ఆ పిచ్చి మా ఇద్దరి ఉమ్మడి ఇంటికీ పాకింది. మా ఆడపడుచు వచ్చిందంటే ముందు అల్మారా మీద వేలుపెట్టి రాస్తుంది. వేలు ఆనకముందే మా తోటికోడలు పరుగెత్తుకొచ్చేది.

"వదినా, చెరపకండి! అది నేను కొలుస్తున్న దుమ్ము!"

"ఇంట్లోది కూడానా?"

"మరి! అక్క తుడుస్తానంటే నేనే బతిమాలి ఆపాను."

నన్నెప్పుడు ఆపింది? పొద్దున్నే తుడిచాను, అద్దంలా ఉంది. లేని దుమ్ముతో కూడా పేరు కొట్టేస్తోందే అని కుళ్ళిపోయాను.

ఒక సాయంత్రం నా ఎదురుగా దీపం పెట్టింది.

"అక్కా, ఒక కన్ను మూసి చూడు. ఇప్పుడు రెండోది."

"ఇటు మసక. అటు ఇంకా మసక, ఎరుపు కూడా. నీ బల్బు పాడైపోయిందే."

"బల్బు బాగానే ఉంది. రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నాకేం రోగం! సూదిలో దారం ఎక్కిస్తాను, చూస్తూ ఉండు!"

దారం సంగతి అటుంచి, సూదే దొరకలేదు.

రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. ఇంటికొచ్చి చూద్దును కదా, అల్మారా మీద వేలెడు మందాన దుమ్ము! ఫ్యాను రెక్కలకు మీసాలు! ఏడాదిపాటు నేను తుడిచింది ఒట్టి గాలినన్నమాట.

"ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"పోయినేడు డాక్టరు మాటెత్తితే రెండు పూటలు అన్నం మానేశావు. అందుకే మసకగా ఉందని నీ నోటితోనే చెప్పించాను. ఈలోగా వదిన వేలికి నీ పరువు అంటకుండా చూసుకున్నానంతే."

తోటికోడలి మొహం దగ్గరగా చూశాను. ఒక్క ముడత లేదు! గుడ్డ చేతికిచ్చాను.

"కొలిచింది చాల్లే. తుడువు!"

నవ్వుతూ తుడిచింది. అంతటినీ మళ్ళీ నేను తుడుచుకోవాల్సి వచ్చింది. పెద్ద పెద్ద చదువులు చదివిందట, అల్మారా మూలలు తుడవడం రాదు. ఎంత హాయిగా అనిపించిందో!