అప్పన్న అంకుల్ పక్కన, సెంబవాంగ్ నుంచి టాంపినీస్‌కి

ఉదయం ఆరున్నరకి సెంబవాంగ్‌లో మా కంపెనీ గేటు తీస్తారు. ఆ రోజు అంతకు ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. ఓడల యార్డులో గ్రైండింగు పని వదిలి, ఈ పరాయి దేశపు లైసెన్సు పరీక్ష రెండోసారికి గట్టెక్కి, లారీ డ్రైవరుగా నేను రోడ్డెక్కుతున్న మొదటి రోజు అది. ప్రభువు కృపను బట్టి స్టీరింగు దొరికింది గాని, అది నా చేతిలో ఉంటుందో ఊడుతుందో సాయంత్రానికి తేలాలి. తౌకే, అంటే మా యజమాని, ముందురోజే చెప్పేశాడు. అప్పన్న నా పక్కన కూర్చుంటాడు. సాయంత్రం అప్పన్న సరేనంటే సరే. కాదంటే మళ్ళీ గ్రైండింగు.

అప్పన్న అంకుల్ ముత్తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. అంకుల్ ఇక్కడే పుట్టాడు. ఏళ్ళ తరబడి ఈ లారీ తోలింది ఆయనే. ఏడాదిగా తోలడం మానేసి సరుకు దింపే పనికి వస్తున్నాడు. ఎందుకని అడిగితే తోటివాళ్ళు కాలు నొప్పి అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. లారీ ఎక్కేటప్పుడు ఆ కాలు చూశాను. కుర్రాడిలా ఎక్కాడు. తన సీట్లో కూర్చున్నవాడి గురించి ఏ మనిషి మంచి చెప్తాడు? తౌకే వేగులవాడిని పంపాడని నా మనసు తీర్మానం చేసేసింది.

స్టీరింగు మీద చేతులు పెట్టి కళ్ళు మూసుకున్నాను.

"ఏటి రత్నం, నిద్రొస్తందా?"

"ప్రార్థనండి, అంకుల్."

"చేస్కో, చేస్కో. ఇంజను వేడెక్కాలి గదా. నా గురించి కూడా ఓ మాట చెప్పు."

వెటకారమో, నిజమో తెలియలేదు. ఆయన మట్టుకు డ్యాష్‌బోర్డు మీది అప్పన్నస్వామి పటానికి దణ్ణం పెట్టుకున్నాడు.

ఇక్కడికి డ్రైవరుగా రావాలనుకునే తమ్ముళ్ళకి ఒక మాట. మన దగ్గరలాగే ఎడమ పక్కనే నడపాలి, స్టీరింగు కుడివైపే. తేడా హారన్‌లో ఉంది. రాజోలులో రైస్ మిల్లు లారీ తోలినప్పుడు నా డ్రైవింగులో సగం హారనే. ఇక్కడ హారన్ కొడితే తిట్టినట్టు లెక్క. అద్దాలు చూసి బతకాలి. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎడమ వరస పట్టుకుని వెళ్తుంటే, అద్దంలో కనపడిన ప్రతి మోటార్‌సైకిలూ నా చక్రం కిందికే వస్తున్నట్టుండేది. అంకుల్ మాట్లాడలేదు. ఆయన గొంతు సవరించుకున్నప్పుడల్లా నాకొక మార్కు పోయిందనుకున్నాను.

ఎనిమిదిన్నరకి పాయా లేబర్ చేరాం. కొత్తగా తెరుస్తున్న కంప్యూటర్ కంపెనీకి మానిటర్ల పెట్టెలు దింపాలి. సరుకు దింపే చోటు భవనం కింద ఉంది. లోపలికి దిగే దారిలో పైన ఇనుప కడ్డీ వేలాడుతోంది.

"పో, పడతాది," అన్నాడు అంకుల్.

నేను బ్రేకు వేసి దిగాను. కడ్డీ మీది ఎత్తు అంకె చదివాను, మా లారీ పెట్టె మీది అంకె చదివాను. వెనక రెండు వ్యాన్లు ఆగాయి. హారన్ కొట్టని ఊళ్ళో నా మీద హారన్ కొట్టారు. చూస్తే జానెడు పైనే ఖాళీ ఉంది.

"నువ్వు డ్రైవరువా, టైలరువా?" అన్నాడు అంకుల్. "టేపొకటి కొనిస్తాను, మెళ్ళో ఏస్కో."

పెట్టెలు దింపుతుంటే మెడలో కార్డు వేసుకున్న కుర్రాడొకడు వచ్చాడు. "అన్నా, మీరు తెలుగా? జాగ్రత్తన్నా, అవి పగిలితే మా మేనేజర్ నన్ను తింటాడు," అన్నాడు. ఊరు గుంటూరట, వచ్చి రెండు నెలలైందట. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని, వాటిని సరిచేయడానికి పిలిపించారట. రాని ఏడాదిని అనుమానిస్తే జీతమిస్తారని అప్పుడే విన్నాను.

మధ్యాహ్నం అక్కడికి దగ్గర్లోనే హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒక కప్పు కింద ఉండే చోట, ఆగాం. "ముందు మకాన్, తర్వాత టాంపినీస్," అన్నాడు అంకుల్. మకాన్ అంటే ఇక్కడ తిండి. కోడికూర అన్నం మూడు డాలర్లు, టీ వేరే. కొత్తవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి. ఇక్కడ బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి ఉంటే ఆ చోటు ఎవరో ఆపుకున్నట్టు, ఇక్కడి మాటలో చోప్ చేసినట్టు. ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేని మర్యాద అది. అంకుల్ తిన్నగా వెళ్ళి అలాంటి పొట్లం మీదే పళ్ళెం పెట్టాడు.

ఆఫీసు బట్టల్లో ఉన్న అమ్మాయి వచ్చి, "అంకుల్, ఐ చోప్ ఆల్‌రెడీ లా!" అంది.

ఆయన కంగారుగా లేచాడు. కావాలనే తగువు పెట్టుకుని నా ఓర్పు చూస్తున్నాడనుకున్నాను. ఇంకో బల్ల దగ్గర కూర్చుని, తల వంచి స్తోత్రం చెప్పుకుని తిన్నాను. రుచి గుర్తులేదు.

టాంపినీస్‌లో ఒక ట్యూషన్ సెంటరుకి నాలుగు కంప్యూటర్లు ఇవ్వాలి. ఫ్లాట్ల బ్లాకుల మధ్య సన్నటి దారి.

"నేరుగా పో. ఈ సందులోకి నేను కళ్ళు మూసుకుని వస్తాను."

మలుపు తిరగగానే ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి జనం వానలో తడవకుండా నడవడానికి కట్టిన కప్పు కనిపించింది. దారికి అడ్డంగా, కొత్త రంగుతో ఉంది.

"పో, పో," అంటున్నాడు అంకుల్.

ఆపి దిగాను. కప్పు ఎత్తు మూడు మీటర్లని బోర్డు మీద రాసి ఉంది. మా లారీ అంతకన్నా పొడుగు. ఇంకొంచెం పోనిచ్చి ఉంటే లారీ పైభాగం, నా ఉద్యోగం రెండూ అక్కడే చీరుకుపోయేవి. ఇందుకే కూర్చున్నాడు ఈయన అనుకున్నాను. ఒళ్ళు మండింది.

పైకెక్కి, "అంకుల్, ఆ బోర్డు మీద ఎంతుందండీ?" అన్నాను.

"ఏ బోర్డు?"

"ఎదురుగా ఉన్నదేనండీ."

"నీకు చదువు రాదేటి?"

"మీరు చదవండి."

ఆయన ముందుకి వంగాడు. తువ్వాలు తీసి అద్దం తుడిచాడు. అద్దం శుభ్రంగానే ఉంది. కాసేపటికి, "అక్కడ కప్పేదో కట్టేరా?" అని మెల్లగా అడిగాడు.

టిష్యూ పొట్లం అప్పుడు గుర్తొచ్చింది.

"కాలు నొప్పి కాదు కదండీ?"

"ఎడమ కన్ను పోయింది. రెండోది దూరం ఆనదు. ఎవర్నైనా గుద్దేస్తానని నేనే తోలడం మానేశాను. తౌకేకి తెలిస్తే ఈ పని కూడా ఉండదు." నా వైపు చూశాడు. "ఇప్పుడు నువ్వెళ్ళి చెప్పేస్తావు."

ఇంతసేపూ నేను ఆయన్ని చూసిన చూపుతోనే ఆయన నన్ను చూస్తున్నాడు.

లారీని సందంతా వెనక్కి తేవాలి. అంకుల్‌ని దారి మొదట్లో నిలబెట్టాను, నడిచేవాళ్ళని కేకేసి ఆపడానికి మాత్రమే. రా, రా అనేవాడు లేడు. రెండద్దాల్నీ చూసుకుంటూ, అనుమానం వచ్చిన ప్రతిచోటా దిగి చూసుకుంటూ వచ్చాను. చొక్కా తడిసిపోయింది. లారీ నా మాట వింటుందని మొదటిసారి తెలిసింది. కంప్యూటర్లు ట్రాలీ మీద తోసుకెళ్ళి ఇచ్చాం.

తిరుగుదారిలో నేనే మొదలుపెట్టాను. "మీరు వెనకాల నిలబడి రా, రా అంటే ఇంకో డ్రైవరు నమ్మి వస్తాడండీ. వెనకాల పసిపిల్ల ఉంటే?"

ఆయన ఒళ్ళో తువ్వాలు మడత పెట్టుకున్నాడు.

"తౌకే అడిగితే నేను అబద్ధమాడనండి."

"అడక్కపోతే?"

నోరు మూసుకున్నా అబద్ధమే అవుతుందని పాస్టరు గారు ఎన్నిసార్లు చెప్పారో. కానీ ఆయన నోటి అన్నం తీసే మాట నా నోట రావాలా?

ఐదింటికి సెంబవాంగ్‌లో తౌకే ఆఫీసు గుమ్మంలోనే ఎదురయ్యాడు. "హౌ, అప్పన్న? క్యాన్ ఆర్ నాట్?"

అంకుల్ నన్ను చూశాడు. నేను పనికిరానని ఈయన అంటే, ఆ తర్వాత నేనేం చెప్పినా కక్ష కొద్దీ చెప్పినట్టే ఉంటుంది.

"క్యాన్," అన్నాడు అంకుల్. "బట్ దిస్ ఫెలో ట్రస్ట్ నోబడీ లా. ఐ సే గో, హీ స్టాప్, గెట్ డౌన్ అండ్ లుక్."

తౌకే పెద్దగా నవ్వాడు. "గుడ్! లారీ మై మనీ."

నేను కదల్లేదు. అంకుల్ విసుక్కున్నాడు. "నువ్విలా పోలీసులాగ నిలబడితే నా కంటి సంగతి నేనెలా చెప్తాను? పో అవతలకి."

బస్‌స్టాపులో నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చాడు.

"చెప్పేశాను. సోమవారం ఆస్పత్రికి పొమ్మన్నాడు. కంటి ఆపరేషన్ అయ్యేదాకా గోడౌన్లో కూర్చోమన్నాడు."

మొహం చూశాను. నిజంగా చెప్పాడో లేదో తెలియలేదు. ఇంతలో దూరంగా బస్సు వస్తోంది.

"ఏ నంబరు అది?" అన్నాడు.

చెప్పాను. మారు మాట లేకుండా ఎక్కాడు, సీటు దొరగ్గానే కునుకు తీశాడు. నేను చెప్పిన నంబరు ఆయన ఒక్కసారికే నమ్మాడు. ఆయన చెప్పింది నమ్మాలని నాకూ ఉంది. కిటికీలోంచి రోడ్డు చూస్తుంటే, నాకు తెలియకుండానే బస్సు డ్రైవరుతో పాటు నా కాలూ బ్రేకు నొక్కుతోంది. పొద్దున్న పరాయిదిలా ఉన్న ఆ రోడ్డు ఇప్పుడు కొంచెం నాది.

ఆదివారం సంఘంలో సాక్ష్యానికి లేచినప్పుడు లారీ సంగతి చెప్తాను. అంకుల్ సంగతి మాత్రం, సోమవారం ఆయన ఆస్పత్రి మెట్లెక్కడం నేను పక్కనుండి చూశాకే.