ట్యాంకు మీద నవ్విన నలుగురు

క్లేటన్ స్టేషన్‌లో రైలెక్కాను. పక్క సీట్లో ఒక ఆస్ట్రేలియన్ పెద్దావిడ పాత ఫోటో చూసుకుంటోంది. ట్యాంకు మీద కూర్చున్న నలుగురు సైనికులు పగలబడి నవ్వుతున్నారు. నేను తొంగిచూడడం గమనించి, ఫోటో నావైపు తిప్పింది.

"రెండో ప్రపంచ యుద్ధంలో మా నాన్న బ్రిటిష్ ట్యాంకు దళంలో పనిచేశాడు. ఈ నలుగురి ఆచూకీ కోసం వెతుకుతున్నాను," అంది.

ముక్కు చూసి పోలిక చెప్పేయడం మావాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. "మీ నాన్నగారు ఈయనే కదా? అచ్చం మీ ముక్కే!" అన్నాను, ఒకాయన్ని చూపించి.

"నో డార్లింగ్, ఇందులో నాన్న లేడు. ఫోటో తీసింది నాన్న."

"మరి వీళ్ళ కోసం ఎందుకు?"

"ఇంట్లో నాన్న ఎప్పుడూ ఎవర్నీ నవ్వించలేదు. ఆ రోజు వీళ్ళతో ఏమన్నాడో తెలుసుకోవాలి. వీళ్ళు పోయుంటారులే. పిల్లలకెవరికైనా చెప్పి ఉంటారేమో."

ఇంతలో నా స్టేషన్ వచ్చేసింది.

మా హాల్లో చిన్నప్పటి ఫోటో ఒకటుంది. అమ్మ, అక్క, నేను విరగబడి నవ్వుతుంటాం. వచ్చినవాళ్ళంతా మా ముక్కుల గురించే మాట్లాడతారు. ఆ సాయంత్రం దాని ముందు నిలబడి అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, మనం నవ్వుతున్న ఆ ఫోటో తీసేటప్పుడు నాన్న ఏమన్నాడు?"