వైన్ షాపు కిటికీ

కల్లూరు వైన్ షాపులో అమ్మే అతను ఎవరొచ్చినా ముందు కిటికీలోంచి వంగి కిందికి చూసేవాడు. పక్కన పిల్లలు కనబడితే ఎంతటివాళ్లకైనా సీసా ఇచ్చేవాడు కాదు.

నాకది తెలియదు. నిరుడు పెద్దల అమావాస్యకు మా ఇంటాయన పటం ముందు పెట్టడానికి క్వార్టర్ సీసా కావలసి వచ్చింది. ఆయనకు ఇష్టమైనవన్నీ పెడితేగాని మేము అన్నం ముట్టం. కొడుకు పనిమీద కడపకు పోయి ఉన్నాడు. ఆడమనిషి ఒంటరిగా అక్కడ నిలబడితే నలుగురూ ఏమనుకుంటారోనని, తొమ్మిదేళ్ల మనవడిని వెంటబెట్టుకొని పదకొండింటికి పోయాను.

అతను వంగి చూశాడు. "పిల్లోడుండాడు కదవ్వా, ఇయ్యను."

"తాగేది వీడు గాదప్పా, సచ్చిపోయిన మా ఇంటాయన."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. "ఎవురు తాగినా చూసేది పిల్లోడే గదా. ఇంటికాడ ఇడిసిపెట్టి రాపో."

మనవడిని కోడలి దగ్గర దింపి, గుడ్డసంచిలో చిల్లరతో సహా సరిపడా డబ్బు వేసుకొని ఒక్కదాన్నే తిరిగి వచ్చాను. ఇందాకటివాళ్లు పోయి వరుసలో వేరేవాళ్లు ఉన్నారు.

"అవ్వకు గూడా చుక్క పడాల్నంట రా!" అన్నాడొకడు.

వెనక్కి తిరగబోతుంటే కిటికీలోంచి అతని గొంతు గట్టిగా వినిపించింది.

"జరగండప్పా, మాయమ్మ వచ్చింది. అమ్మా, సద్ది తెచ్చినావా?"

సంచి అందుకొని లోపలికి పోయి, డబ్బు తీసుకొని, సీసాను పేపర్లో చుట్టి అందులోనే పెట్టి తెచ్చి ఇచ్చాడు.

మరునాడు జొన్నరొట్టెలు, వేరుశనగ ఊరిబిండి సద్ది కట్టుకొని నిజంగానే పోయాను. వరుసలో ఉన్న నిన్నటివాళ్లు ఎవరూ చెప్పకుండానే పక్కకు జరిగి దోవ ఇచ్చారు.